మీ వైఫైకి పేరు పెట్టింది నేనే, ఇప్పుడు మార్చేసుకోండి

పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఏళ్ళుగా కేబుల్ పని చేస్తున్నాను. మొదట్లో టీవీ కేబులు, తర్వాత ఇంటర్నెట్. స్తంభం మీంచి ఫైబర్ తీగ మీ ఇంట్లోకి దించి, గోడకి రౌటర్ డబ్బా కొట్టి, పచ్చ లైటు వెలిగాక "వైఫైకి ఏం పేరు పెట్టమంటారండి?" అని అడిగేది నాబోటి వాడే. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: "నీ ఇష్టం బాబూ, ఏదో ఒకటి పెట్టెయ్."

నా ఇష్టం ఏంటంటే, ఇంటిపేరు, దాని పక్కన డోర్ నంబరు. పాస్‌వర్డ్ ఇంటాయన సెల్ నంబరు. ఇలా అయితే మర్చిపోరు, రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసి అడగరు. నా తలనొప్పి తగ్గుతుందని చేసిన పని. మీ ఇంటి అడ్రసు గాల్లోకి వదిలి, మీ ఫోన్ నంబరుని తేలిగ్గా ఊడే తాళంగా పెట్టి వస్తున్నానన్న ఆలోచన అప్పట్లో నాకు రాలేదు.

వచ్చింది మాఘమాసంలో ఒక రోజు. కాలువ గట్టు మీద ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. "ఒరే అబ్బాయ్, పనులన్నీ ఆపి ఒకసారి రా. నెట్‌లోంచి ఎవడో మా ఇల్లు చూస్తున్నాడు."

వెళ్ళేసరికి వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. పక్కన స్టూలు మీద భూతద్దం, మూత పెట్టిన కాఫీ గ్లాసు. రౌటర్ స్విచ్ కట్టేసి ఉంది. మాస్టారికి పాత నాణేలు పోగుచేసే అలవాటు. ఫోన్‌లో నాణేల వాళ్ళ గ్రూపు ఒకటుంది, దేశమంతటి వాళ్ళూ ఉంటారు, ఎవరూ ఎవరికీ ముఖాలు తెలియవు. అందులో ముందురోజు ఈయన రాశారు: "రేపు కుటుంబంతో అంతర్వేది తీర్థానికి వెళ్తున్నాం, వచ్చాక మాట్లాడుకుందాం." దానికి ఎవరో జవాబిచ్చారు: "మాస్టారూ, ఇంటికి తాళం వేస్తున్న సంగతి ఇంతమందికి చెప్పకండి. కాలువకి పడమటి గట్టున, మలుపు దాటాక మూడో ఇల్లు కదా మీది?"

ఆ మనిషి మంచివాడే, హెచ్చరించాడు. ఇంకో నలుగురు చూసి నోరు విప్పకుండా ఊరుకుని ఉంటే? మాస్టారు తీర్థం మానేశారు. మాస్టారి భార్య, పిన్నిగారు, నా మీద కూడా కాస్త కోపంగానే ఉన్నారు, వైఫై పెట్టింది నేనే కాబట్టి.

ముందు ఫోటో సంగతి

ఇల్లు బయటపడింది వైఫైలోంచి కాదు. ఫోటోలోంచి.

నాణెం మీద సంవత్సరం కింద చిన్న గుర్తు ఉంటుంది. నక్షత్రమైతే హైదరాబాద్ టంకశాల, డైమండ్ అయితే ముంబై, చుక్క అయితే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. మాస్టారు చెబితేనే నాకు తెలిసింది. మామూలుగా వాట్సాప్‌లో ఫోటో పంపితే ఆ నక్షత్రం అలికేసినట్టు వెళ్తోందని, ఎవరో చెబితే డాక్యుమెంట్‌గా పంపడం మొదలుపెట్టారు. నక్షత్రం స్పష్టంగా వెళ్ళింది. దాంతోపాటు ఇల్లూ వెళ్ళింది.

కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫోటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు ఆ ఫైల్‌లోనే కూర్చుంటాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించేటప్పుడు అవి రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. 2012లో జాన్ మెకాఫీ, అదే ఆ యాంటీవైరస్ పేరున్నాయన, పోలీసులకి దొరక్కుండా తిరుగుతుంటే ఒక పత్రిక వాళ్ళు ఆయన ఫోటో నెట్‌లో పెట్టారు. ఆ ఫోటో లోపలున్న అంకెల వల్లే ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి తెలిసిపోయింది. కంప్యూటర్ భద్రత అమ్ముకున్న మనిషికే అలా అయింది.

నేను మాస్టారి ఫోన్‌లో గ్యాలరీ తీసి, నాణెం ఫోటోని వేలితో పైకి జరిపాను. కింద చిన్న మ్యాప్, 16.5తో మొదలయ్యే అంకె ఒకటి, 81.7తో మొదలయ్యేది ఇంకొకటి. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని కాగితం అందుకున్నారు. "భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు. 360తో భాగిస్తే డిగ్రీకి 111. దశాంశం తర్వాత ఒకటో స్థానం 11 కిలోమీటర్లు, అంటే ఏ మండలమో తెలుస్తుంది. రెండోది 1.1, ఊరు. మూడోది 111 మీటర్లు, వీధి. నాలుగోది 11 మీటర్లు..." అని ఆగి, "ఒరే, ఇది మా వాకిలిరా" అన్నారు.

మీరు చేయాల్సింది చిన్న పనే. ఆండ్రాయిడ్ అయితే కెమెరా యాప్ తెరిచి, సెట్టింగ్స్‌లో 'లొకేషన్ ట్యాగ్' లేదా 'సేవ్ లొకేషన్' అని ఉన్నదాన్ని ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, లొకేషన్ సర్వీసెస్, కెమెరా, అక్కడ 'నెవర్'. ఇక నుంచి తీసేవాటికి ఇది చాలు. పాతవి మాత్రం అలాగే ఉంటాయి. వాటిని పంపాల్సి వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఆ స్క్రీన్‌షాట్‌ని పంపండి, అందులో అంకెలు ఉండవు. గుర్తు స్పష్టంగా కనబడాలంటే ముందు ఫోటోని పెద్దది చేసుకుని అప్పుడు తీయండి.

అంకెలు తీసేసినా బొమ్మ మాట్లాడుతుంది. మిద్దె తోట ఫోటోలు పెట్టే పిన్నిగారొకరు ఉన్నారు. వంగ మొక్క వెనకాల క్షీరారామం గోపురం నిలువెత్తున కనిపిస్తుంది. నూట ఇరవై అడుగుల గోపురం, పంచారామాలు చూసినవాళ్ళెవరైనా గుర్తుపడతారు. అది ఏ వైపు, ఎంత ఎత్తున కనబడుతోందో చూస్తే ఏ వీధి మేడో చెప్పేయొచ్చు. ఆవిడకి నేను చెప్పింది ఒక్కటే, ఫోన్‌ని కొంచెం కిందకి వంచి తీయమని. ఇంక ఊరెళ్ళే కబురు ఊరెళ్ళొచ్చాక పెట్టండి. అంతర్వేది రథం ఫోటో రెండ్రోజులు ఆలస్యమైతే దేవుడేమీ అనుకోడు.

ఐపీ అడ్రస్ గురించి అంత భయం అక్కర్లేదు

"మరి ఐపీ అడ్రస్‌తో ఇల్లు కనుక్కుంటారంటారే?" మాస్టారి రెండో ప్రశ్న. ఇది అందరూ అడుగుతారు.

మీరు ఏ వెబ్‌సైట్ తెరిచినా వాళ్ళకి మీ ఐపీ అడ్రస్, అంటే మీ కనెక్షన్‌కి నెట్ కంపెనీ ఇచ్చే నంబరు, కనిపిస్తుంది. దాన్నిబట్టి ఏ కంపెనీ నెట్, సుమారుగా ఏ ప్రాంతం అన్నది తెలుస్తుంది, డోర్ నంబరు తెలియదు. మాస్టారి ముందే నా ఫోన్‌లో చూశాను, పాలకొల్లులో కూర్చుంటే హైదరాబాద్ అని చూపించింది. పైగా ఈ రోజుల్లో చాలా నెట్ కంపెనీలు వందల ఇళ్ళని ఒకే ఐపీ వెనకాల పెట్టి నడిపిస్తాయి.

ఆ లెక్కని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో అమెరికాలో చూశారు. ఐపీ అడ్రస్‌లకి చోటు చెప్పే ఒక సంస్థ, ఎక్కడో తెలియనివాటన్నిటికీ దేశం నడిమధ్య చుక్క పెట్టింది. ఆ చుక్క కాన్సాస్ రాష్ట్రంలో ఒక రైతు ఇంటి మీద పడింది. అరవై కోట్ల ఐపీ అడ్రస్‌లు ఆ పొలానికి రాసిపెట్టి ఉన్నాయి! దొంగని వెతుక్కుంటూ పోలీసులు, మోసపోయామంటూ జనం ఏళ్ళ తరబడి ఆ ఇంటి గుమ్మం ఎక్కారు. సంగతి 2016లో బయటపడింది.

అయితే పోలీసులకి దారి వేరే. వాళ్ళు కంపెనీని అడిగితే ఏ సమయంలో ఆ ఐపీ ఏ ఇంటికి ఇచ్చారో రికార్డు చూసి చెబుతారు. అంటే మీ వైఫై వాడుకుని ఇంకెవరో తప్పుడు పని చేస్తే ముందు తలుపు కొట్టేది మీ ఇంట్లోనే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళ ముందు వచ్చిన ఈమెయిల్ జాడ పట్టుకుంటే నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటికి దారితీసింది. ఆయనకీ దానికీ సంబంధం లేదు, ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. వైఫైకి గట్టి తాళం వేయమని నేను పోరేది ఇందుకే. పక్కింటి కుర్రాడు రెండు సినిమాలు డౌన్‌లోడ్ చేసుకుంటే నాకేం బాధలేదు.

వీపీఎన్, అంటే మన నెట్‌ని ఇంకో కంపెనీ మీదుగా తిప్పి పంపే ఏర్పాటు, వాడాలా అని కుర్రాళ్ళు అడుగుతారు. సైట్ వాళ్ళకి ఐపీ కనబడకుండా చేస్తుంది, నిజమే. కానీ అప్పుడు మీ నెట్ కంపెనీ చూసేది వీపీఎన్ కంపెనీ చూస్తుంది, అంతే తేడా. ఫోటోలో అంకెల్ని అది దాచదు. ఊరికే వచ్చే వీపీఎన్‌ల జోలికి అసలు పోవద్దు.

వైఫై పేరు

ఇప్పుడు నా తప్పు దగ్గరకి వద్దాం. మాస్టారి ఫోన్‌లో ఇంకో సంగతి కూడా దొరికింది. నెట్ నెమ్మదిగా ఉందని ఆయన ఇంకో గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టారు. దాని మీద వైఫై పేరు, అంటే నేను పెట్టిన ఇంటిపేరూ డోర్ నంబరూ, నిక్షేపంగా ఉన్నాయి.

ఇంటి లోపల జీపీఎస్ అందకపోయినా మీ ఫోన్ మ్యాప్‌లో సరిగ్గా మీ ఇంటినే చూపిస్తుంది, గమనించారా? ప్రతి రౌటరూ తన పేరు, తన సొంత నంబరు సెకనుకి పదిసార్లు అరుస్తూ ఉంటుంది. రోడ్డు మీద వెళ్ళే ఫోన్లు ఆ అరుపులు విని, ఏ చోట ఏ రౌటర్ వినబడిందో గూగుల్‌కో ఆపిల్‌కో చెబుతాయి. అలా లోకంలోని రౌటర్లన్నిటికీ పెద్ద చిట్టా తయారైంది. అదిగాక సరదాగా వైఫై పేర్లు పోగుచేసి మ్యాప్ మీద పెట్టేవాళ్ళు 2001 నుంచీ ఉన్నారు. అక్కడ పేరు కొట్టి వెతకొచ్చు కూడా. 'హోమ్' అని పేరుంటే లక్షల్లో ఒకటి. ఇంటిపేరూ డోర్ నంబరూ ఉంటే ప్రపంచంలో ఒక్కటే.

కాబట్టి పేరు మార్చండి. ఇంటిపేరు, కులం, ఊరు, నంబరు, దుకాణం పేరు, ఏవీ వద్దు. పేరు చివర ఒక తోక తగిలించండి: అండర్‌స్కోర్ గీత, వెంటనే ఖాళీ లేకుండా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్, ఓ, ఎమ్, ఏ, పీ. అంటే 'నోమ్యాప్'. ఈ తోక ఉన్న రౌటర్‌ని తన చిట్టాలోంచి తీసేస్తానని గూగుల్ 2011లోనే చెప్పింది. ఆపిల్ కూడా 2024 నుంచి పాటిస్తోంది. తోక తప్పనిసరిగా పేరు చివరే ఉండాలి.

మాస్టారు తెలుగులో పేరు పెట్టమన్నారు. పెట్టొచ్చు, కానీ వైఫై పేరుకి 32 బైట్ల హద్దు ఉంది, ఒక ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. ఒక్కో తెలుగు అక్షరానికి మూడు, గుణింతం గుర్తుకి ఇంకో మూడు పోతాయి. తోకకి ఆరు. అంటే చిన్న పేరే పడుతుంది, కొన్ని పాత టీవీల్లో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. చివరికి ఆయన ఇంగ్లీషు అక్షరాల్లోనే 'పనసతొన' అని పెట్టించుకున్నారు.

పేరు దాచేసే 'హైడ్' ఆప్షన్ ఉంటుంది కదా అని ఒకాయన వాదించాడు. దండగ. రౌటర్ పేరు చెప్పకపోతే మీ ఫోనే వెళ్ళిన ప్రతిచోటా "ఫలానా వైఫై ఉందా, ఫలానా వైఫై ఉందా" అని పేరుపెట్టి పిలుస్తూ తిరుగుతుంది. మరీ అన్యాయం.

డబ్బా లోపలికి వెళ్ళి చేయాల్సినవి

ముందుగా ఒక్క మాట. డబ్బా వెనక చిన్న కన్నం ఉంటుంది, రీసెట్. అందులో పిన్నీసు పెట్టి గుచ్చొద్దు. ఫైబర్ డబ్బాలో మేం ఎక్కించిన కనెక్షన్ వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత నేను వచ్చేదాకా నెట్ ఉండదు, నేను వచ్చేది ఎల్లుండి.

ఫోన్‌ని మీ వైఫైకే కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టండి. రాకపోతే 192.168.0.1. అదీ కాకపోతే డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా అక్కడే. (ఎర్ర లైటు వెలుగుతోందని డబ్బా ఫోటో తీసి గ్రూపుల్లో పెడతారే, ఆ స్టిక్కర్ మాత్రం పడకుండా చూసుకోండి.) లోపలికి వెళ్ళగానే మొదట మార్చాల్సింది ఈ అడ్మిన్ పాస్‌వర్డే. వైఫై పాస్‌వర్డ్ వీధి గేటుకి తాళమైతే ఇది బీరువాకి. చాలా ఇళ్ళలో ఈ అడ్మిన్ యూజర్ పేరూ పాస్‌వర్డూ రెండూ 'అడ్మిన్, అడ్మిన్' అనే ఉంటాయి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా మార్చని పాస్‌వర్డ్‌లనే వరసగా కొట్టుకుంటూ లక్షల కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరింది.

తర్వాత 'వైర్‌లెస్' లేదా 'డబ్ల్యూలాన్' అన్న చోట సెక్యూరిటీ, అంటే వైఫైకి ఏ రకం తాళం అన్నది. డబ్ల్యూపీఏ3 ఉంటే మంచిది. పాత ఫోనో కెమెరానో కలవకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నది ఎంచుకోండి. అదీ లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. డబ్ల్యూఈపీ అని కనిపిస్తే ఆ డబ్బాని పాత సామాన్లవాడికి ఇచ్చేయండి, దాని గుట్టు 2001లోనే రట్టయింది.

డబ్ల్యూపీఎస్ అని ఉంటుంది, మీట నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిపేది. ఆఫ్ చేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలని గొప్ప. కానీ రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టి వచ్చేది. మొదటి నాలుగుకి పదివేలు, తర్వాతి మూడుకి వెయ్యి. పది కోట్లు ఉండాల్సినవి పదకొండు వేలే అయ్యాయి. 2011 చివర్లో ఈ లోపం బయటపెట్టారు. 'రిమోట్ మేనేజ్‌మెంట్' అని బయట నుంచే డబ్బా సెట్టింగ్స్ మార్చే ఏర్పాటు ఉంటే అదీ ఆఫ్. ఒకవేళ మా వాళ్ళు పెట్టుకున్నది తాళం పడి ఉంటే దాన్ని వదిలేసి మాకు ఫోన్ చేయండి.

ఇక పాస్‌వర్డ్. సెల్ నంబరు ఎందుకు వద్దన్నది మాస్టారే నాకు లెక్కకట్టి చూపించారు. మీ ఫోన్ వైఫైకి కలిసేటప్పుడు జరిగే సంభాషణని బయట నుంచి ఎవరైనా రికార్డు చేసుకోవచ్చు. ఇంటికెళ్ళి తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్ సరిపోల్చి చూసుకోవచ్చు. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి, మిగిలినవి తొమ్మిది అంకెలు. మొత్తం 400 కోట్లు. చాలా పెద్ద సంఖ్య అనుకున్నాను. కానీ ఆటలాడుకునే కుర్రాళ్ళ కంప్యూటర్లలో ఉండే మంచి గ్రాఫిక్ కార్డు సెకనుకి పది లక్షలు ప్రయత్నిస్తుంది. "నాలుగు వేల సెకన్లు. గంటా ఏడు నిమిషాలు," అన్నారు మాస్టారు. "నీ తాళం గంటా ఏడు నిమిషాల తాళంరా." ఆయన దగ్గర చదువుకున్న రోజుల్లో గోడ కుర్చీ వేసినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

కాబట్టి ఒకదానికొకటి పొంతనలేని నాలుగైదు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి, మధ్యలో గీతలు పెట్టండి. ఉదాహరణకి గొడుగు, పులస, అల్మారా, జీడిమామిడి. (ఇదే పెట్టుకోకండి, అందరూ చదివేశారు.) 63 అక్షరాల దాకా పడుతుంది. పాటలో లైను వద్దు, దేవుడి పేరు వద్దు. కాగితం మీద రాసి బియ్యం డబ్బా మూత లోపల అంటించినా ఫరవాలేదు. రాత్రికి రాత్రి గ్రాఫిక్ కార్డు మీ వంటింట్లోకి రాదు.

పాస్‌వర్డ్ మారగానే టీవీ, కెమెరా, పిల్లల ఫోన్లు అన్నీ తెగిపోతాయి. కంగారు పడకుండా ఒక్కోటీ కలుపుకోండి. ఈ పని సాయంత్రం సీరియల్ టైముకి పెట్టుకోకండి.

సంక్రాంతికి ఇంటినిండా జనం వస్తారు, అందరికీ పాస్‌వర్డ్ కావాలి. 'గెస్ట్ నెట్‌వర్క్' అని ఉంటుంది, అది ఆన్ చేసి వాళ్ళకి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. కనుమ మర్నాడు ఆఫ్ చేసేయండి. కొత్త అల్లుడికి కూడా గెస్టే ఇవ్వండి, పేరులోనే మర్యాద ఉంది. ఫ్రిజ్ మీద క్యూఆర్ కోడ్ అంటించే ఇళ్ళు చూశాను. ఆ గళ్ళ బొమ్మలో పాస్‌వర్డ్ మొత్తం ఉంటుంది. వంట వీడియో తీసేటప్పుడు వెనకాల అది కనబడుతుంటే ఇంక దాచేదేముంది?

చేపల, రొయ్యల చెరువులున్నవాళ్ళకి ఒక మాట. షెడ్డులో సిమ్ రౌటర్ పెట్టి, ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే మోటార్లు) కనబడేలా కెమెరా బిగిస్తున్నారు. మోటార్లు దొంగలపాలవుతున్నాయి కాబట్టి అవసరమే. కానీ కెమెరా కొన్నప్పుడున్న పాస్‌వర్డే ఉంచితే, కాపలావాడు ఎప్పుడు భోజనానికి వెళ్తాడో మీకన్నా ముందు దొంగకి తెలుస్తుంది. కెమెరా పాస్‌వర్డ్ వేరేగా మార్చండి. యాప్‌లో అప్‌డేట్ అడిగితే చేయండి. పట్టుబడి రోజు, అంటే చెరువులో సరుకు పట్టే రోజు, లైవ్ పెట్టాలని సరదాగా ఉంటే, లారీ గేటు దాటాక పెట్టండి.

మాస్టారింట్లో ఇదంతా అయ్యేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. గ్రూపులో పాత ఫోటోలు వెతికి వెతికి డిలీట్ చేశారు, అందరి ఫోన్లలోంచీ పోవని తెలిసినా. నాణేల డబ్బా బ్యాంకు లాకర్‌కి వెళ్ళింది. పిన్నిగారు రెండో గ్లాసు కాఫీ ఇచ్చి, "మరి మా టీవీకి ఆ పనసతొన ఎవరు కలుపుతారు?" అన్నారు. రిమోట్‌తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ పాస్‌వర్డ్ ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

నేను పేరు పెట్టిన ఇళ్ళ జాబితా నా పాత డైరీలో ఉంది. ఆదివారాలు ఒక్కో ఊరు తిరిగి మారుస్తున్నాను, డబ్బులేమీ అక్కర్లేదు. వచ్చే ఆదివారం దొడ్డిపట్ల వైపు. ఈలోగా పైన చెప్పినట్టు మీరే మార్చేసుకుంటే నాకో ఇల్లు తగ్గుతుంది. ఎలాగూ మార్చాక కొత్త పాస్‌వర్డ్ నాకు చెప్పొద్దు.